ట్రాన్స్‌జెండర్ల వార్తల్లో ‘రు’ ఎక్కడ జారిపోతోంది?

గోదావరి డెల్టా మాటతీరును సినిమాల్లో వేళాకోళం చేస్తారు గానీ, అక్కడి ‘అండి’ నిజంగానే చాలా దూరం వెళ్తుంది. రావులపాలెంలో అరటిగెలకు బేరం ఆడేటప్పుడూ అండి, లాకుల దగ్గర దారి అడిగేటప్పుడూ అండి. తగాదా కూడా ‘ఏంటండీ మీరు మాట్లాడేది’ అనే మొదలవుతుంది. అవే ఊళ్ల నుంచి వచ్చే జిల్లా పేజీ తిరగేస్తే ఈ మర్యాదకు ఒక హద్దు కనబడుతుంది. ఎమ్మెల్యే రోడ్డు పనులు ప్రారంభించారు. ప్రధానోపాధ్యాయురాలు బహుమతులు అందజేశారు. స్టేషన్‌లో హిజ్రా మాత్రం ప్రయాణికుడితో గొడవపడింది. కొన్ని వార్తల్లో గొడవపడ్డాడు. ఇంకొన్నింటిలో మొదటి పేరాలో గొడవపడింది, మూడో పేరాకి వచ్చేసరికి పారిపోయాడు.

‘హిజ్రా’ అనాలా, ‘ట్రాన్స్‌జెండర్’ అనాలా అన్న చర్చ విలేకరుల మధ్య అప్పుడప్పుడూ జరుగుతుంది. అవసరమైన చర్చే. కాకపోతే తెలుగులో గౌరవం పేరు దగ్గరే ఆగదు, క్రియ చివరిదాకా వెళ్తుంది. పేరు ఎంత శుభ్రంగా రాసినా వాక్యం చివర ‘అన్నాడు’ అని పడితే రాసినవాళ్లు ఆ మనిషిని ఎలా చూస్తున్నారో పాఠకుడికి అర్థమైపోతుంది.

తెలుగు క్రియకు ఏకవచనంలో ఉన్నవి రెండే దారులు. మగవాడైతే ‘వచ్చాడు’. ఆడమనిషైనా, ఆవైనా, ఆర్టీసీ బస్సైనా ‘వచ్చింది’. పాత వ్యాకరణం మహత్తు, అమహత్తు అని విడదీసింది దీన్నే. మగవాణ్ణి ఒక గట్టున కూర్చోబెట్టి, ఆడమనిషిని పశువులతో, వస్తువులతో కలిపి అవతలి గట్టుకు పంపింది. బహువచనంలో మాత్రం మనుషులంతా ఒక్కటే, ‘వచ్చారు’. ఒకరు, ఇద్దరు, ముగ్గురు అని మనుషుల్ని లెక్కపెట్టే మాటల్లోనూ ఆడామగా తేడా లేదు. గౌరవించదలిస్తే ఒక్క మనిషికి కూడా ఈ బహువచనమే వాడతాం. అంటే గౌరవం చూపే రూపమూ, ఆడామగా అని అడగని రూపమూ తెలుగులో ఒకటే. ఇది మనకు అయాచితంగా దొరికిన సౌకర్యం.

ఇంగ్లిష్ పత్రికల్లో ‘హి’ రాయాలా ‘షి’ రాయాలా, ఒక్క మనిషిని ‘దే’ అనవచ్చా అని ఏళ్ల తరబడి వాదన నడిచింది. తెలుగు పత్రికల డెస్కులు, అంటే వార్తలు దిద్దే విభాగాలు, ఆ టెన్షన్‌ను అరువు తెచ్చుకోనక్కర్లేదు. ట్రాన్స్ మహిళ అయితే ‘ఆమె చెప్పారు’, ట్రాన్స్ పురుషుడైతే ‘ఆయన చెప్పారు’. తాను ఆడా కాదు మగా కాదు అనుకునేవారికి ‘తను’, ‘వారు’ ఎప్పటినుంచో ఉన్నాయి. ఒక్క జాగ్రత్త చాలు. ‘ఆమె’ అని రాయమని చెప్పిన మనిషిని వార్తంతా ‘వారు’, ‘సదరు వ్యక్తి’ అని రాయడం మర్యాదలా కనిపించినా నిజానికి తప్పించుకోవడమే.

ఇక్కడ ఇంకో చిక్కుంది. తెలుగు పత్రికలు ఈ ‘రు’ను అందరికీ పంచవు. పారిశ్రామికవేత్త మరణించారు, తాపీ మేస్త్రి చనిపోయాడు. నిందితుడికి ఎలాగూ ‘డు’ తప్పదు. కనుక ట్రాన్స్ మహిళకు రెండు దెబ్బలు తగులుతాయి. పేదరాలు కాబట్టో నిందితురాలు కాబట్టో ‘రు’ పోతుంది, ఆమె ఆడమనిషన్న సంగతిని రాసినవాళ్లు నమ్మరు కాబట్టి ‘ది’ కూడా పోయి ‘డు’ మిగులుతుంది. నిందితులందరికీ ‘రు’ పెట్టండి అంటే డెస్కులో నవ్వుతారేమో. కనీసం ఫిర్యాదు చేసినవారికి, బాధితులకు, సాక్షులకు పెట్టడానికి అడ్డేముంది? నిందితురాలికి ‘డు’ రాయడం మాత్రం మర్యాద లోపం కంటే పెద్దది, అది సమాచార దోషం. ఎవరి గురించి రాస్తున్నామో అదే తప్పు.

పోలీసు నోటు నుంచి పేజీ దాకా

మండల విలేకరికి వచ్చే ఆదాయం ఎంతో డెల్టాలో అందరికీ తెలుసు. రాజోలులోనో పెనుగొండలోనో ఉండి పత్రికకు వార్తలు పంపే కంట్రిబ్యూటర్‌కు అదొక్కటే బతుకుతెరువు కాదు, కాలేదు కూడా. సాయంత్రం ఆరు గంటలకు స్టేషన్ వాట్సాప్ గ్రూపులో నోటు పడుతుంది, ఏడింటికల్లా కాపీ వెళ్లాలి. నోటులోని మాటలే వార్త అవుతాయి. పోలీసు రికార్డులో ఆధార్ పేరు ఉంటుంది, అందరూ పిలిచే పేరు దాని పక్కన ‘అలియాస్’ తర్వాత వస్తుంది.

ఈ ‘అలియాస్’ అన్న చిన్న మాట చేసే పని గమనించాలి. తెలుగు పాఠకుడు దాన్ని ఎక్కువగా చూసేది రౌడీషీటర్ల పేర్ల మధ్య, మోసగాళ్ల పేర్ల మధ్య. అది రాగానే రెండో పేరు దొంగపేరు అనిపిస్తుంది. పదేళ్లుగా ఊరూ వీధీ పిలుస్తున్న పేరు, కొందరికి గుర్తింపు కార్డు మీద కూడా ఉన్న పేరు అలియాస్ వెనక్కి పోతుంది. ఎవరూ వాడని పేరు ముందుకొస్తుంది. కాగితం మీద ఉన్నదే నిజమని పట్టుబట్టే డెస్కు సినిమా నటుల విషయంలో ఆ పట్టు పట్టదు. తెరపేరుతోనే హెడ్డింగ్ పెడుతుంది, ఆధార్‌లో ఏముందని అడగదు.

ఊహకు ఒక వార్త తీసుకుందాం. ‘రైల్లో హిజ్రాల వీరంగం. తణుకు, అత్తిలి మధ్య ప్యాసింజర్ రైల్లో శనివారం హిజ్రాలు హల్‌చల్ చేశారు. డబ్బులివ్వని యువకుడిపై దాడికి దిగారు. రైల్వే పోలీసులు ఫలానా అలియాస్ ఫలానా (26)ను అదుపులోకి తీసుకున్నారు. అతను నాలుగేళ్ల క్రితం లింగమార్పిడి చేయించుకున్నాడు.’ ఇది ఎక్కడా అచ్చయిన వార్త కాదు, కానీ చదివినవారికి కొత్తగా అనిపించదు.

అదుపులోకి తీసుకున్నది ఒక్కరిని, హెడ్డింగ్ మాత్రం అందరి మీదా. భీమవరం కుర్రాడొకడు బైకు దొంగిలిస్తే ‘భీమవరం కుర్రాళ్ల దొంగతనాలు’ అని పెట్టరు. ‘వీరంగం’, ‘హల్‌చల్’ చూసినవాళ్లు చెప్పిన మాటలు కావు, రాసినవాళ్ల తీర్పులు. ఏం జరిగిందో ఆ రెండు మాటల్లో ఏమీ లేదు. తోశారా, తిట్టారా, చొక్కా పట్టుకున్నారా? ఇక నాలుగేళ్ల కిందటి శస్త్రచికిత్సకూ శనివారం గొడవకూ సంబంధం ఏమిటి? ఆ సంగతి పోలీసులకు ఎలా తెలిసింది, ఎవరు అడిగి చెప్పించారు, అడిగేటప్పుడు గదిలో ఎవరున్నారు? రాయాల్సిన వార్త బహుశా అక్కడుంది. అన్నిటికీ మించి, ఆ మనిషి ఏమన్నారో ఒక్క ముక్క లేదు.

అదే సంఘటనను ఇలా రాయవచ్చు. ‘రైల్లో డబ్బుల విషయమై ఘర్షణ, ఒకరు అదుపులోకి. ప్రయాణికుడి ఫిర్యాదుపై ఒక ట్రాన్స్ మహిళను అదుపులోకి తీసుకున్నట్టు రైల్వే పోలీసులు తెలిపారు. డబ్బు ఇవ్వనందుకు తన ఫోన్ లాక్కున్నారని ఆయన ఫిర్యాదు చేశారు. ముందు ఆయనే తనను అసభ్యంగా తిట్టారని ఆమె చెప్పారు.’ లైన్లేమీ పెరగలేదు. ఆరోపణ ఎవరిదో, మాట ఎవరిదో తెలుస్తోంది. ఆమె ట్రాన్స్ మహిళ అన్న మాట ఇక్కడ ఉండాలా అంటే, రైళ్లలో డబ్బులు అడగడం చుట్టూ నడిచిన గొడవ కనుక ఉండవచ్చు. షాపులో సెల్‌ఫోన్ పోయిన కేసులో అయితే అక్కర్లేదు. దాని బదులు కులం మాట పెట్టి చూస్తే ఈ తేడా సులువుగా తెలుస్తుంది. ఫలానా కులస్తుడు ఫోన్ కొట్టేశాడని హెడ్డింగ్ పెట్టడానికి ఏ సబ్ ఎడిటరైనా ఇప్పుడు వెనకాడతారు.

గౌరవంగా రాయడం అంటే తప్పుల్ని దాచిపెట్టడం కాదు. గృహప్రవేశాల దగ్గర, కొత్త షాపు ఓపెనింగుల దగ్గర వేలల్లో డిమాండ్ చేస్తున్నారని పట్టణాల్లో వ్యాపారులు వాపోవడం ఉంది. అది వార్తే. ఎంత అడిగారు, బెదిరింపు ఉందా, ఫిర్యాదు ఇచ్చారా, కేసు కట్టారా అన్నవి రాయాలి. దాంతోపాటు రెండో ప్రశ్న కూడా వేయాలి. ఇంట్లోంచి పద్దెనిమిదేళ్లకే బయటికొచ్చిన మనిషికి అద్దె ఇల్లు ఎవరిచ్చారు, ఉద్యోగం ఎవరిచ్చారు, గురువు దగ్గర చేలాగా, అంటే శిష్యురాలిగా చేరడం తప్ప ఇంకో దారి దొరికిందా అని. తొలి ప్రశ్నకు ఐదు కాలమ్‌లు, రెండో ప్రశ్నకు సున్నా అయినంతకాలం ఆ వార్త సగమే.

మాటల సంగతి

‘హిజ్రా’ తిట్టు కాదు. గురువు, చేలా, జమాత్ (పెద్దల పంచాయతీ) అనే కట్టుబాట్లున్న ఒక సమాజం పేరు అది. అందులో ఉన్నవారు ఆ పేరు చెప్పుకుంటారు కూడా. తప్పెక్కడంటే, ఆ సమాజంలో లేనివాళ్లకు కూడా అదే పేరు తగిలించడంలో. కాకినాడలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తూ ఇంట్లో అమ్మానాన్నలతో ఉండే ట్రాన్స్ మహిళ హిజ్రా కాకపోవచ్చు. ఆడపిల్లగా పెరిగి మగవాడిగా బతుకుతున్న ట్రాన్స్ పురుషుడు అసలే కాడు. ట్రాన్స్ పురుషులు తెలుగు వార్తల్లో దాదాపు కనబడరు, కనబడితే ‘మగవేషంలో యువతి’ అయిపోతారు. పుట్టుకతోనే శరీర లక్షణాలు ఆడామగా అనే రెండు గీతల్లో ఇమడని ఇంటర్‌సెక్స్ వారిది వేరే సంగతి. గే, లెస్బియన్ అన్నవి ఎవరిని ప్రేమిస్తారో చెప్పే మాటలు, తానెవరో చెప్పేవి కావు. ఈ మాటలన్నీ ఒకే వార్తలో ఒకదానికి బదులు ఒకటి వాడేయడం చూస్తుంటాం. బజారులో వాడే మిగతా మాటలు తెలుగువాళ్లందరికీ తెలిసినవే, ఇక్కడ అచ్చు వేయాల్సిన పని లేదు. ఎవరో తిట్టారని రాయాల్సి వచ్చినా ‘కించపరిచే మాటలతో’ అంటే సరిపోతుంది.

‘ట్రాన్స్‌జెండర్లు’ అని బహువచనం చేయడం తప్పని, ‘ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు’ అనే రాయాలని ఇంగ్లిష్ మార్గదర్శకాలు చదివినవారు పట్టుబడతారు. తెలుగులో ఇది అంత పెద్ద దోషం కాదు. విశేషణాన్నే మనిషికి పేరుగా మార్చుకోవడం ఈ భాషకు సహజం. పేదలు, ధనికులు, యువకులు అన్నీ అలా వచ్చినవే. కథనంలో ‘ట్రాన్స్ మహిళ’ అని స్పష్టంగా రాస్తూ, హెడ్డింగులో చోటు లేక ‘ట్రాన్స్‌జెండర్లకు పింఛన్లు’ అంటే ఎవరికీ అవమానం లేదు.

అనువాదంలో పడే గుంత మరొకటుంది. తాను ఎవరో దానికి తగ్గట్టు శరీరాన్ని సరిచేసుకునే శస్త్రచికిత్సను కొందరు ‘లింగ నిర్ధారణ శస్త్రచికిత్స’ అని రాస్తున్నారు. తెలుగునాట లింగ నిర్ధారణ అనగానే గుర్తొచ్చేది స్కానింగ్ సెంటర్, 1994 చట్టం, ఆడపిల్లల భ్రూణహత్యలు. పాఠకుడు గందరగోళపడకుండా ఎలా ఉంటాడు? ‘లింగమార్పిడి’లోనూ మారిపోయారన్న ధ్వని ఉంది, చాలామంది తాము మారలేదని, మొదటినుంచీ ఇంతేనని చెబుతారు. నిజానికి తొంభై శాతం వార్తల్లో ఈ మాట అవసరమే పడదు. అవసరమైన చోట ‘ఫలానా శస్త్రచికిత్స’ అని డాక్టరు చెప్పినట్టు మామూలుగా రాస్తే సరి. శస్త్రచికిత్స జరిగిందా లేదా అన్నది గుర్తింపుకు షరతు కాదని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న జాతీయ న్యాయసేవల సంస్థ (నాల్సా) కేసులో తేల్చింది. తన జెండర్ తానే చెప్పుకునే హక్కు ఉందన్నది కూడా ఆ తీర్పే. ట్రాన్స్‌జెండర్ల హక్కుల రక్షణకు వచ్చిన 2019 చట్టం కింద 2020లో చేసిన నియమాల్లో సైతం కలెక్టర్ ఇచ్చే ధ్రువపత్రానికి అఫిడవిట్ చాలు, శరీర పరీక్ష వద్దని రాశారు. అయినా విలేకరి మైకు పెట్టగానే మొదటి ప్రశ్న ‘ఆపరేషన్ అయిందా’ అనే. ఇంకెవరినైనా కెమెరా ముందు వాళ్ల మర్మావయవాల గురించి అడిగితే చెంప పగులుతుంది.

తమిళంలో ట్రాన్స్ మహిళకు తిరునంగై, ట్రాన్స్ పురుషుడికి తిరునంబి అన్న మాటలు స్థిరపడ్డాయి. మద్రాసు హైకోర్టులో నడిచిన ఒక కేసు ఫలితంగా 2022 ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం ఇలాంటి పదాల పట్టికను గెజిట్‌లో ప్రకటించింది కూడా. తెలుగులో అంతగా నాటుకున్న సొంత మాట ఇంకా రాలేదు. ట్రాన్స్ మహిళ, ట్రాన్స్ పురుషుడు అన్నవి ప్రస్తుతానికి అందరికీ అర్థమవుతున్నాయి, వాడుకోవచ్చు. బస్సు, రైలు మనవైపోలేదా?

‘కొత్త మాటలు రాస్తే జనానికి అర్థం కావు’ అన్నది డెస్కుల్లో వినిపించే సమాధానం. తెలుగు పత్రికల చరిత్రే దీన్ని ఒప్పుకోదు. భర్త పోయిన ఆడమనిషికి ఒకప్పుడు జనం వాడిన మాట ఇవాళ పచ్చి బూతు, ఏ పత్రికా అచ్చు వేయదు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 1874లో పత్రిక పెట్టి, 1881లో తొలి వితంతు వివాహం జరిపించిన కాలం నుంచి ఆ మార్పు మెల్లగా నడిచింది. గుడ్డి, కుంటి అన్న మాటలు పోయి వికలాంగులు వచ్చింది, తర్వాత దివ్యాంగులు వచ్చింది. ఆ మాట నచ్చనివారూ ఉన్నారు, అది వేరే సంగతి. పాఠకులు అర్థం చేసుకోలేకపోయారా? వారం రోజులు హెడ్డింగులో చూస్తే ఏ మాటైనా అలవాటవుతుంది.

ఇంటిపేరు, ఊరిపేరు

మహానగరంలో పేరు, వయసు రాస్తే మనిషి గుంపులో కలిసిపోతారు. డెల్టాలో అలా కాదు. కాలువ గట్టున వరసగా ఊళ్లు, ఊరికీ ఊరికీ మధ్య కొబ్బరితోట అంత దూరం. ఇంటిపేరు రాస్తే కులం తెలుస్తుంది, ఊరిపేరు కలిపితే వీధి తెలుస్తుంది, తండ్రి పేరు కూడా వేస్తే ఇక ఇంటి ముందుకు జనం రావడమే తరువాయి. పెళ్లికావలసిన చెల్లెలు ఉంటే ఆ వార్త సంబంధాల దాకా వెళ్తుంది. అందుకే ఒక ట్రాన్స్ వ్యక్తి పేరు వేసుకోండి, ఫోటో వేసుకోండి అని చెప్పినా, పాత పేరు, పుట్టిన ఊరు, కుటుంబం వివరాలు వేసుకోండి అని చెప్పినట్టు కాదు. ఒక్కోదానికి విడిగా అడగాలి. చిన్నప్పటి ఫోటో పక్కన ఇప్పటి ఫోటో పెట్టి ‘అప్పుడు–ఇప్పుడు’ అని వేయడం పత్రికలకు ముచ్చటగా ఉంటుంది. ఆ మొదటి ఫోటో చాలామంది ఇంట్లోంచి తీసేసి ఉంటారు.

పిల్లల విషయంలో ఈ జాగ్రత్త నైతికత మాత్రమే కాదు, చట్టం. 2012 పోక్సో చట్టమైనా, 2015 బాలల న్యాయ చట్టమైనా బాధిత బాలల పేరు, బడి, ఫోటో బయటపెట్టడాన్ని నిషేధిస్తాయి, పోక్సోలో బాలుడా బాలికా అన్న తేడా లేదు. ‘అమ్మాయిలా ప్రవర్తిస్తున్నాడని హాస్టల్లో వేధింపులు’ అని రాస్తూ హాస్టల్ పేరు, తరగతి, ఊరు వేస్తే బిడ్డ పేరు దాచి ఏం లాభం? మరుసటి రోజు ఆ పిల్లవాడు బడికి వెళ్లాలి.

ఆరోగ్య శిబిరాల ఫోటోలదీ ఇదే తంతు. ‘ట్రాన్స్‌జెండర్లకు హెచ్‌ఐవీ పరీక్షలు’ అని వార్త, కింద వరుసలో నిలబడినవారి ముఖాలు కనిపించేలా గ్రూప్ ఫోటో. పరీక్ష చేయించుకున్నవారికి జబ్బు ఉందనే ఊరు చదువుకుంటుంది. సమ్మతి లేకుండా ఎవరి హెచ్‌ఐవీ స్థితినీ బయటపెట్టకూడదని 2017 చట్టం చెబుతోంది. ఆ ఫోటో నేరుగా బయటపెట్టకపోయినా చేసే పని అదే. రిబ్బన్ కత్తిరిస్తున్న అధికారి ఫోటో ఎలాగూ ఉంటుంది, అది వేసుకోవచ్చు.

వింత పెళ్లి, విశేష పూజ

‘వింత పెళ్లి’ అన్న హెడ్డింగ్‌కు తెలుగులో ఎప్పుడూ గిరాకీ ఉంది. కప్పల పెళ్లి, చెట్ల పెళ్లి వరసలోనే ట్రాన్స్ మహిళ పెళ్లి కూడా అక్కడికే వచ్చి పడుతుంది. వింతేమీ లేదన్నది న్యాయస్థానాల మాట. హిందూ వివాహ చట్టంలోని ‘వధువు’ అన్న మాటలో ట్రాన్స్ మహిళ కూడా వస్తారని 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు తీర్పు ఇచ్చింది. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహాల కేసులో గుర్తింపు నిరాకరిస్తూనే, స్త్రీ పురుషులుగా జతకట్టే ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఇప్పుడున్న చట్టాల కింద పెళ్లి చేసుకునే హక్కు ఉందని చెప్పింది. అన్నవరం కొండ మీద రోజూ జరిగే పెళ్లిళ్ల లాంటిదే ఇదీ. పెద్దలు అడ్డుపడితేనో, రిజిస్ట్రార్ తిప్పి పంపితేనో వార్త. వరుడి స్నేహితుల చేత ‘తెలిసే చేసుకున్నాడా’ అని బైటు (కెమెరా ముందు మాట) తీసుకుంటే యూట్యూబ్ థంబ్‌నెయిల్‌కు పనికొస్తుందేమో గానీ వార్త మాత్రం కాదు.

జాతరల సీజన్లో ఇంకో రకం. అంతర్వేది తీర్థంలో, భీమవరం మావుళ్లమ్మ ఉత్సవాల్లో, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల దగ్గర, సంక్రాంతి బరుల చుట్టూ జనం లక్షల్లో ఉంటారు. పేజీకి రంగు కోసం ఒక ఫోటో, కింద ‘హిజ్రాల సందడి’ అని ఒక లైను. ఫోటోలో ఉన్నవారి పేరు ఉండదు, మాట ఉండదు. ప్రభల పక్కనే నిలబడ్డ రైతుకు పేరూ ఊరూ వేస్తారు.

ఇలాంటి చోట్ల పురాణాలు ఎత్తుకోవడం కూడా పరిపాటి. బృహన్నల, శిఖండి, అర్ధనారీశ్వరుడు మొదటి పేరాలోనే దిగిపోతారు. ఆత్రేయపురం దగ్గరి ర్యాలిలో ఒకే శిలకు ముందువైపు కేశవస్వామి, వెనకవైపు జగన్మోహిని ఉంటారు. భక్తులు ప్రదక్షిణగా వెళ్లి రెండు రూపాలకూ దణ్ణం పెట్టుకుంటారు, డెల్టా వారికి ఇది చిన్నప్పటినుంచీ తెలిసిన గుడే. దాని గురించి రాయవచ్చు. అయితే దేవుడి పోలిక తెచ్చినంత మాత్రాన మనిషికి ఇల్లు అద్దెకు దొరకదు, పైగా దీవెనలిచ్చేవాళ్లు, శాపాలిచ్చేవాళ్లు అన్న పాత చట్రంలోకే వాళ్లను మళ్లీ తోస్తుంది. శిఖండి అయితే తెలుగులో తిట్టుగానే వాడుకలో ఉంది. స్టేజీ సంప్రదాయాన్నీ ఇందులో కలపకూడదు. స్థానం నరసింహారావు సత్యభామగా వేసినా, వేదాంతం సత్యనారాయణ శర్మ కూచిపూడిలో ఆడవేషాలు కట్టినా అది కళ, దించేసే వేషం. ట్రాన్స్ మహిళ కట్టుకున్న చీర వేషం కాదు.

మంచి వార్తల్లో కూడా

పొగిడే వార్తలు ప్రమాదం లేనివని అనుకుంటాం. ‘హిజ్రా అయినా డిగ్రీ చదివింది’ అన్న హెడ్డింగులో ‘అయినా’ ఏం చేస్తోందో చూడండి. 2022లో హైదరాబాద్ ఉస్మానియా ఆస్పత్రిలో ఇద్దరు ట్రాన్స్ మహిళలు డాక్టర్లుగా చేరారు. 2024 డిసెంబరులో హైదరాబాద్ ట్రాఫిక్ విధుల్లోకి 39 మంది ట్రాన్స్‌జెండర్ అసిస్టెంట్లను తీసుకున్నారు. రెండూ వార్తలే. ఆ తర్వాత వారికి జీతం సమయానికి వస్తోందా, వాష్‌రూమ్ ఏది, రోగులు ఎలా మాట్లాడుతున్నారు అన్నవి కూడా వార్తలే గానీ వాటికి రెండో రోజు ఎవరూ వెళ్లరు.

డెల్టాలో ఇలాంటి రెండో రోజు వార్తలకు కొదవలేదు. 2017 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ట్రాన్స్‌జెండర్ల విధానాన్ని ఆమోదించి నెలకు 1,500 రూపాయల పింఛను ప్రకటించింది, 2024 జూలై నుంచి అది 4,000. పింఛను అందాలంటే ధ్రువపత్రం కావాలి, ధ్రువపత్రంలో పేరూ ఆధార్‌లో పేరూ కలవాలి, రేషన్ కార్డు ఇంకా తల్లిదండ్రుల ఇంట్లోనే ఉంటుంది. ఎక్కడ ఆగిపోతోంది? కలెక్టరేట్‌కు ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని తిప్పి పంపారు? 2011 జనగణనలో ‘ఇతరులు’గా నమోదైనవారు దేశంలో 4,87,803 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. ఆ గడిలో నమోదు కావడానికి వెనకాడినవారు ఎంతోమంది ఉంటారు కాబట్టి అసలు సంఖ్య ఎక్కువే అనుకోవాలి. అంతమందిలో పింఛను ఎందరికి చేరుతోందో లెక్క తీస్తే, రైలు గొడవ వార్త కంటే ఎక్కువ మంది చదువుతారు.

హత్యలు, దాడుల వార్తల్లో బాధితురాలి బతుకే నేరానికి కారణం అన్నట్టు రాయడం మానాలి. ‘రాత్రిపూట హైవే మీద’, ‘పలువురితో పరిచయాలు’ అన్న మాటలు ఆ పని చేస్తాయి. చట్టంలోని తేడా మాత్రం ఎవరూ రాయరు. మహిళపై అత్యాచారానికి భారతీయ న్యాయ సంహితలో కనీస శిక్ష పదేళ్లు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తిపై లైంగిక దాడికి 2019లో రాసిన చట్టం పెట్టింది ఆరు నెలల నుంచి రెండేళ్లు. ఆత్మహత్య అయితే పద్ధతిని వర్ణించకూడదని, ఒకే కారణానికి అంటగట్టకూడదని ప్రెస్ కౌన్సిల్ 2019లో స్వీకరించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. కింద ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 వేయడానికి ఒక లైను చాలు.

తప్పు రాస్తే ఏం చేయాలి? పత్రికల మీద ముందు ఎడిటర్‌కు రాసి, జవాబు రాకపోతే ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దినపత్రిక అయితే రెండు నెలల గడువు. కౌన్సిల్ హెచ్చరించగలదు, మందలించగలదు, జరిమానా వేయలేదు. టీవీలు దాని పరిధిలో లేవు, వాటికి స్వీయ నియంత్రణ సంస్థ ఉంది, అదీ సభ్య చానెళ్లకే. సెల్‌ఫోన్, మైకు గొట్టం పట్టుకుని అమలాపురం బస్టాండ్‌లో తిరిగే లోకల్ చానెళ్లు రెంటికీ అందవు. అక్కడ పనికొచ్చేది ఆ వీడియో నడిపే కుర్రాడికి ఫోన్ చేసి మాట్లాడటమే, చాలాసార్లు తీసేస్తారు కూడా.

అచ్చు పత్రిక మర్నాటికి పకోడీల పొట్లం అవుతుంది. వెబ్‌సైట్‌లో పెట్టిన వార్త అలా కాదు. ఏడేళ్ల కిందట ‘ఫలానా అలియాస్ ఫలానా’ అని వేసిన వార్త ఇవాళ కూడా పేరు కొట్టగానే పైకి వస్తుంది. కేసు కొట్టేశారన్న సంగతి అందులో ఉండదు. ఇల్లు అద్దెకిచ్చేవారు, ఉద్యోగం ఇచ్చేవారు చూసేది అదే. పేరు మారిందని ధ్రువపత్రం చూపించి పాత వార్త సరిచేయమని అడిగితే ఎవరికి మెయిల్ పెట్టాలో చాలా తెలుగు సైట్లలో కనబడదు. సరిచేయడానికి పట్టేది పది నిమిషాలు. పాత పేరు తీసేసి, క్రియలు మార్చి, కేసు ఏమైందో ఒక లైను కలిపి, కింద సవరించిన తేదీ వేస్తే సరిపోతుంది. పాత పేరు ఏమిటో మాత్రం ఆ సవరణ నోట్‌లో మళ్లీ రాయకూడదు.